సెన్సారత్తకు చిక్కని హత్య

ఆ టీవీ సంస్థకు సొంత కథంటూ ఒక్కటీ లేదు. బొమ్మలు నలుపు తెలుపుల్లో ఆడిన రోజుల్లో జనాన్ని హడలెత్తించిన సస్పెన్స్ సినిమాలను వెతికి తెచ్చి, మసిపూసి మారేడుకాయ చేసి, ఆదివారం మధ్యాహ్నం టెలీఫిల్ములుగా వదలడమే దాని వ్యాపారం. మసిపూసే పని మలుపుల మేస్త్రిది. ఆఫీసువాళ్లు పెట్టిన పేరే అది. పాత కథలో హంతకుడెవరో లోకమంతా ఎరుగును కాబట్టి కొత్తదాంట్లో హంతకుణ్ని మార్చాలి. పైగా ప్రకటనలకు నాలుగు బ్రేకులు, బ్రేకుకో ఉలికిపాటు. పాత సినిమాల్లో మనుషులేమో అరగంటసేపు గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంటారు. వాళ్లను లేపి పరిగెత్తించేసరికి మేస్త్రికి తల ప్రాణం తోకకొచ్చేది.

అక్కడితో అయిపోతే అదృష్టమే. రాసిన ప్రతి స్క్రిప్టునీ చైర్మన్ గారి ఇంటికి వెళ్లి ఆయన మేనత్త ఎదుట చదవాలి. ఆవిడకు పాత సస్పెన్స్ సినిమాలన్నీ కంఠతా. మూడో బ్రేకు లోపల ఆవిడ హంతకుణ్ని పట్టేసిందా, స్క్రిప్టు చెత్తబుట్టకే. చాటుగా అందరూ ఆవిణ్ని సెన్సారత్త అంటారు. మేస్త్రివి వరసగా మూడు పోయాయి. మూడోదాంట్లో అయితే పాత్రల పట్టిక వినగానే చెప్పేసింది, మంచినీళ్లు తాగినంత తేలిగ్గా.

"ఇది కూడా పోతే నువ్వు వంటల ప్రోగ్రాముకి వెళ్లిపోదువుగాని," అన్నారు చైర్మన్ గారు నాలుగోది చదవాల్సిన రోజు ఉదయం. కోపంగా కూడా అనలేదు, అదే మేస్త్రిని భయపెట్టింది. ఇంట్లో చెబితే భార్య, "మంచిదేగా, ఐదింటికల్లా ఇంటికొస్తారు," అంది. ఈ మనిషికి చిన్నప్పటినుంచీ ఒకే ఒక్క ఆశ, జనం గుండెలు దడదడలాడించాలని. అలాంటివాడు 'ఇప్పుడు మూత పెట్టి పది నిమిషాలు ఆగండి' అని రాస్తూ బతకాలంటే ఏడుపు రాదా మరి. వచ్చింది కూడా, లిఫ్టులో.

మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ చైర్మన్ గారింటి హాల్లో కూర్చున్నారు. సెన్సారత్త ఒళ్లో ఉతికిన బట్టల కుప్ప. ఆవిడ మడతలు పెడుతూనే వింటుంది. చైర్మన్ గారు స్క్రిప్టులు చదవరు, చేతి గడియారం చూసుకుంటూ బ్రేకులు లెక్కపెడతారు.

ఈసారి కథేమిటంటే, పెద్ద ఇల్లు, మేడ మీద లోపలినుంచి తాళం వేసిన గది, అందులో ఇంటి యజమాని శవం. పాతదాంట్లో డాక్టరు చంపుతాడు. మేస్త్రి ఆ పని చక్రాల కుర్చీలో తిరిగే తమ్ముడికి అప్పగించాడు. తమ్ముడి కాళ్లు శుభ్రంగా ఉన్నాయన్నది ఆఖరి దెబ్బ. నెల రోజులు నిద్ర మానుకుని తయారుచేసిన దెబ్బ అది.

నాలుగో పేజీ తిప్పాడో లేదో, సెన్సారత్త తువ్వాలు దులిపింది.

"తమ్ముడే. ఆ కాళ్లకేం రోగం లేదు, చూసుకో."

చైర్మన్ గారు కొట్టెయ్యడానికి పెన్ను మూత తీశారు. కాగితం మీద తమ్ముడు బిస్కెట్ తింటున్నాడు. కానీ కాగితం తన చేతిలో ఉంది, మిగతా ఇద్దరికీ కనబడదు. ఆ సంగతి మేస్త్రి కన్నా ముందు అతని నోరు గ్రహించింది.

"తమ్ముడు ఎక్కడ చంపుతాడండీ. అదుగో, కుర్చీతో సహా మెట్ల మీదినుంచి దొర్లిపోయాడు. ప్రాణం పోయింది. మొదటి బ్రేకు."

సెన్సారత్త చేతిలో తువ్వాలు ఒక్క క్షణం ఆగింది. "అలాగా," అంది. చైర్మన్ గారు గడియారం చూసి, "టైముకి పడింది," అన్నారు.

ఇక అక్కడినుంచి మేస్త్రి బండి పట్టాలు వదిలేసింది. ఆవిడ డాక్టరును అనుమానించింది. డాక్టరు తన సూది తనకే గుచ్చుకుని పోయాడు. వంటవాడే అంది. వంటవాడు సరుకుల గదిలో ఉరేసుకుని కనిపించాడు. అది రెండో బ్రేకు. లాయరేమో అని నోరు తెరిచేలోగానే లాయరు బాల్కనీలోంచి పడ్డాడు. ఒక్కొక్కరు పోతుంటే కథకు అడ్డం పడుతున్న శవాలను మేస్త్రి ఒకటీ ఒకటీ తెచ్చి భోజనాల గదిలో వరసగా పడుకోబెట్టాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంత దిక్కుమాలిన కథ తన జన్మలో రాయలేదని అతనికి బాగా తెలుసు. చైర్మన్ గారు మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు.

"అయితే ఇన్‌స్పెక్టరే," అంది సెన్సారత్త. "వాడు వచ్చినప్పట్నుంచీ చచ్చేవాళ్లు ఎక్కువైపోతున్నారు."

ఇన్‌స్పెక్టర్ కాఫీ తాగి తలవాల్చేశాడు.

"మరి ఇంకెవరున్నారయ్యా? కోడలు పిల్ల. ఆ కోడలే."

ఇక్కడ మేస్త్రి ఇరుక్కుపోయాడు. కోడలంటే హీరోయిన్. హీరోయిన్ సబ్బు కంపెనీ మనిషి, ఆఖరి బ్రేకు ప్రకటనలో ఆవిడ ఒళ్లంతా నురగతో నవ్వుతూ కనిపించాలి. ఆవిణ్ని హంతకురాల్ని చెయ్యకూడదు, చంపనూకూడదు.

"ఆమె ఎలా చంపుతుందండీ," అన్నాడు. "హత్యలు జరిగినంతసేపూ స్నానాల గదిలోనే ఉంది. సబ్బు రుద్దుకుంటూ."

"అంతసేపా?" అంది సెన్సారత్త.

"నురగ అలాంటిదండీ."

"శభాష్," అన్నారు చైర్మన్ గారు. "కంపెనీవాళ్లు ఎగిరి గంతేస్తారు. మూడో బ్రేకు అయిపోయింది అత్తయ్యా, నువ్వు ఓడిపోయావు. ఇక చెప్పవయ్యా, చంపిందెవరు?"

ఎవరు చంపారో మేస్త్రికి తెలిస్తేగా. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ చంపేశాడు, మిగిలిన ఒక్కతీ నీళ్లలో ఉంది. పేజీలు వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. వంటల స్టూడియో, గరిటె, మూత కళ్లముందు కనబడసాగాయి. రెండో పేజీ అడుగున ఒక లైను దగ్గర అతని వేలు ఆగింది. 'ముసలామె తలుపు తీస్తుంది.' తలుపు దానంతటదే తెరుచుకుంటే బాగుండదని రాసిన లైను అది.

"ముసలామె," అన్నాడు.

"ఏ ముసలామె?" అన్నారు చైర్మన్ గారు.

"తలుపు తీసిన ముసలామె అండీ. వచ్చినవాళ్లందరికీ తలుపు తీసింది ఆమేగా. తాళాలన్నీ ఆమె దగ్గరే. కాఫీ ఇచ్చింది ఆమే. మెట్లు తుడిచింది ఆమే." చెబుతుంటే అతనికే ఒళ్లు జలదరించింది. ఎక్కడా అతుకు వెయ్యక్కర్లేదు, అన్నీ వాటంతటవే కుదురుతున్నాయి.

సెన్సారత్త మడతపెడుతున్న చొక్కాను ఒళ్లో వదిలేసింది. మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ముప్పై రెండేళ్లు," అంది. "సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించే పని చేశాను. నీకు తెలీదులే, నువ్వు అడగలేదు. చీకట్లో నా చెయ్యి పట్టుకుని నడిచినవాళ్లు, విరామంలో దీపాలు వెలిగితే నాకే తగిలి, 'ఎవరూ' అనేవాళ్లు. అలాంటి నేను కూడా ఆ ముసలిదాన్ని చూడలేదయ్యా. అందరి మీదా అనుమానపడ్డాను. అది మనిషన్న సంగతే తట్టలేదు నాకు."

మేస్త్రికి సిగ్గేసింది. నాలుగు స్క్రిప్టులు చదివాడు ఈ హాల్లో. ఈవిడ సినిమాలన్నీ ఎక్కడ చూసిందో ఒక్కసారీ అడగాలనిపించలేదు.

"ఎందుకు చంపిందంటావు?" అని అడిగిందావిడ.

"ఆస్తి కోసమని రాద్దామా అండీ?"

"ఛ. ఆస్తేమిటి."

చైర్మన్ గారు గడియారం వైపు వేలు చూపించారు. "అదంతా తర్వాత. హంతకురాలు ఆఖర్న దొరకాలి. అది మన పద్ధతి. ఎవరు పట్టుకుంటారు? ఇన్‌స్పెక్టర్ని కూడా చంపి కూర్చున్నాడు ఇతను."

సెన్సారత్త మేస్త్రి వైపు తిరిగింది.

"రాసుకో అబ్బాయ్. ఒకడు పోతే ఇంకొకణ్ని పంపరూ? పంపుతారు. వాడు వచ్చి తలుపు కొడతాడు. ముసలిదే తీస్తుంది. వాడు దాని తల మీదుగా లోపలికి తొంగిచూసి, 'ఇంట్లో ఎవరూ లేరా?' అని అడుగుతాడు."

"ఆమె ఏమంటుందండీ?"

"'లేరు బాబూ' అంటుంది. వాడు వెళ్లిపోతాడు."

మేస్త్రి రాసుకున్నాడు. చైర్మన్ గారు నవ్వబోయి, మేనత్త వైపు చూసి ఆగిపోయారు. ఆ ఇంట్లో ఆవిడ మొహాన్ని ఆయన అంతసేపు చూడటం అదే మొదటిసారి.