గోలు పడకూడదు

గోలు కొట్టి బతికిన మనిషి, గోలు పడకూడదని మొక్కుకుంటున్నాడు. నవ్వొస్తుందా? ఆ దక్షిణం గ్యాలరీ కింది మెట్ల మీద నిలబడి చూడండి. నవ్వు కాదు, ఊపిరే రాదు.

అతన్ని అందరూ సగం అంటారు. తండ్రి సముద్రం అవతలి దేశంవాడు. ఓడ ఇంజన్లు బాగుచెయ్యడానికి వచ్చి, ఇక్కడి రేవులో వలలు అల్లే అమ్మాయిని చేసుకుని ఉండిపోయాడు. కొడుక్కి ఒంటి రంగు తండ్రిది, నోరు తల్లిది. ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్‌గా ఆడిన రోజుల్లో గోలు కొడితే "మావాడు". తప్పితే "ఆ రక్తం ఎక్కడికి పోతుంది?" తండ్రి దేశం వెళ్ళి ఆడితే అక్కడివాళ్ళు "అమ్మ కొంగు పట్టుకుపోరా" అని సీసాలు విసిరారు. మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. గెలిస్తే కుర్రాళ్ళ గొప్ప, ఓడితే సగంగాడి కుట్ర. ఇప్పుడు మ్యాచ్ కమిషనర్. ఆట సజావుగా సాగుతోందా లేదా అని చూసే అధికారి. జనానికి ప్రమాదం అనిపిస్తే ఆట ఆపించే హక్కు అతనిదే.

ఈ రోజు ఈ ఊరి జట్టుకీ, తండ్రి దేశం నుంచి వచ్చిన జట్టుకీ పోటీ. "రెండు వైపులా మనిషివి కదా, ఎవరికీ పేచీ ఉండదు" అని ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ఇతన్నే వేశారు. రెండు వైపులా మనిషి అంటే ఏమిటో నన్నడగండి. రెండు వైపుల నుంచీ తన్నడానికి వీలైనవాడు అని.

తూర్పు గ్యాలరీ మరమ్మతులో ఉంది. దాని టికెట్లు మాత్రం ఆపలేదు. ఆ జనాన్ని కూడా దక్షిణం గ్యాలరీలోకే తోశారు. అక్కడితో ఆగితే సర్దుకునేవాళ్ళేమో. పైకప్పు అంచుకి ఎవడో సిమెంటు వ్యాపారి ప్రకటన బోర్డు వేలాడదీశారు. పై మెట్ల మీద నిలబడితే కనిపించేది ఆ బోర్డు వీపే, ఆట కనిపించదు. కాబట్టి పైన ఖాళీ, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. జనానికీ మైదానానికీ మధ్య ఇనుప జాలీ కంచె.

ఆ గ్యాలరీకొక అలవాటుంది. గోలు పడగానే పైవాళ్ళంతా మెట్లు దూకుతూ కంచె మీదికొచ్చి పడతారు. జారుడు అంటారు దాన్ని. మొదలుపెట్టించింది ఇతనే. గోలు కొట్టిన ప్రతిసారీ కంచె దగ్గరికి పరిగెత్తి, జాలీలోంచి అక్క చాచిన వేళ్ళని తాకేవాడు. అతన్ని తాకాలని జనమంతా కిందికి ఉరికేవారు. అతను ఆట మానేసినా జారుడు మానలేదు.

అక్క ఇప్పటికీ అదే చోట నిలబడుతుంది. ఒకే కడుపున పుట్టినా ఆమెది తల్లి రంగు. ఆమెనెవరూ సగం అనలేదు.

విరామానికి ముందు మైదానం అంచు నుంచి అతను ఆమెను చూశాడు. చెంప జాలీకి అతుక్కుపోయి ఉంది. చెయ్యెత్తబోయింది, లేవలేదు. రెండు చేతులూ పక్కవాళ్ళ ఒళ్ళ మధ్య ఇరుక్కుపోయాయి.

విరామంలో నేరుగా సంఘం అధ్యక్షుడి గదికి వెళ్ళాడు. ఆయన బూట్లు విప్పేసి, కాళ్ళు ఎదుటి కుర్చీలో పెట్టుకుని టీ ఊదుకుంటున్నాడు.

"రెండో సగంలో మనవాళ్ళు కొట్టేది దక్షిణం గోలులోకే సార్. గోలు పడిందంటే జారుడే. కిందివాళ్ళు నలిగి చస్తారు."

"ఎన్నేళ్ళనుంచో జారుతున్నారయ్యా. నేర్పిన పంతులువి నువ్వే కదా!"

"అప్పుడు చోటుండేది. కొందర్ని పైకి పంపించండి."

"పైన బోర్డు అడ్డం కదయ్యా, ఎవడు పోతాడు?"

"బోర్డు దించండి."

"నిన్ను దించడం తేలిక." అధ్యక్షుడు కప్పు పక్కన పెట్టాడు. "అంత బెంగగా ఉంటే ఆట ఆపెయ్. హక్కు నీదే, నేను వద్దన్నానా? రేపు గోడల మీద ఏం రాస్తారో కూడా చెప్పనా? తండ్రి జట్టు ఓడిపోతుందని సగంగాడు ఆట ఆపించాడు అని. ఈ ఊళ్ళో నీకు కూరగాయలు కూడా అమ్మరు."

అబద్ధం ఎందుకు, సగానికి భయం వేసింది. ఆ మాట పడకూడదనే కదా బతుకంతా పరిగెత్తింది!

బయట నడవాలో గోలీ ఎదురయ్యాడు. ఒకప్పుడు ఇతని జట్టుకే గోల్‌కీపరు, ఇప్పుడు మైదానం మేనేజర్.

"ఏమన్నాడ్రా?"

"ఏమంటాడు! కంచె గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. తెరిస్తే ఉద్యోగం పోతుంది." అంటూనే జేబులోంచి తీశాడు. "నీ జన్మలో ఒక్కసారైనా నాకు బంతి పాసిచ్చావట్రా? నీ కోసం ఉద్యోగం పోగొట్టుకోవాలి ఇప్పుడు."

"గోలీకి పాసిస్తే సెల్ఫ్ గోలవుతుందిరా. నడువు."

ఇద్దరూ నవ్వలేదు.

అప్పటికే జట్లు మైదానంలోకి వచ్చేశాయి. ఈల మోగింది. ఇద్దరూ గోలు వెనక నుంచి కంచె వైపు నడిచారు. అక్కడే జరిగింది పొరపాటు. అది ఇతను మాత్రమే చెయ్యగల పొరపాటు. తాను కంచె దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ప్రపంచంలో అందరికంటే ముందు తెలియాల్సినవాడు, మరిచిపోయాడు.

"సగం! సగం!" అని ఎవడో అరిచాడు. ఆ వెంటనే బూతులు. అభిమానం ఉన్నవాళ్ళు చెయ్యి తాకాలని, కోపం ఉన్నవాళ్ళు మొహాన ఉమ్మాలని, అందరూ కిందికే దిగారు. కంచె మైదానం వైపు ఉబ్బింది. ఇనుప స్తంభం ఒకటి పళ్ళు నూరినట్టు కిర్రుమంది. గేటుకి గోలీ తాళం తీసి తోశాడు. కదల్లేదు. గేటు తెరుచుకునేది జనం వైపుకి. వాళ్ళు తోసుకుని మైదానంలోకి రాకుండా అలా పెట్టించారట! తెలివికి దండ వెయ్యాలి. ఇన్ని ఒళ్ళు దానికి ఆనుకుని ఉంటే ఏనుగు తోసినా తెరుచుకోదు.

జాలీ వెనక అక్క మొహం నల్లబడుతోంది. ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటోంది.

"ఇటు రాకురా... నువ్వొస్తే... వీళ్ళంతా దిగుతారు. పోరా!"

"అక్కా, నిన్ను వదిలి..."

"పోరా వెధవా!"

వెనక్కి తిరిగాడు. పరిగెత్తితే జనం బెదురుతారని నెమ్మదిగా నడిచాడు. వీపు మీద ఉమ్ములు పడ్డాయి. ఆట ఆపమని ఇక్కడి నుంచే రిఫరీకి చెప్పొచ్చు. చెబితే కోపంతో జనం ఎటు వస్తారు? మైదానం వైపుకే, కిందికే. గోలు పడినా కిందికే. తను కనిపించినా కిందికే.

తను కనిపించినా.

కోచ్‌గా ఉన్నప్పుడు కుర్రాళ్ళకి ఒకటే పాఠం గొంతు చించుకుని చెప్పేవాడు. బంతి లేనివాడు ఖాళీ వైపు పరిగెత్తాలి. అవతలివాళ్ళని వెంటేసుకుని పోవాలి. చోటు ఖాళీ చేసి పెట్టినవాడికి చప్పట్లు రావు, దెబ్బలు వస్తాయి, అయినా పోవాలి.

"నువ్వు గేటు దగ్గరే కూచో" అని వెనకే వచ్చిన గోలీకి చెప్పాడు. "జనం సడలగానే తోసెయ్."

"నువ్వెక్కడికిరా?"

"పైకి."

గోలీకి అర్థమైంది. "చంపేస్తార్రా నిన్ను."

"మైకులో నా గొంతు వినగానే ఆట ఆపమని రిఫరీకి చెప్పు."

ప్రకటనలు చదివేవాడి చేతిలోంచి తీగలేని మైకు లాక్కుని, గ్యాలరీ వెనకున్న మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఆట కనిపించదు. చప్పుడొక్కటే. ఆ చప్పుళ్ళు అతనికి కొట్టినపిండి. ఇది బంతి లాక్కున్న అరుపు. ఇది పక్కకి పోయిన షాటు. వద్దు, వద్దురా నాయనా, పక్కకే కొట్టు, కుర్రాడా. నువ్వు నా దగ్గర నేర్చుకున్నదంతా ఈ ఒక్క పూట మరిచిపో. పాడైన మోకాలు మెట్టు మెట్టుకీ పొడుస్తోంది. ఒక్కసారిగా అరుపు లేచింది. లేస్తూనే ఉంది. అంతలో ఠంగుమని గోలుపోస్టుకి బంతి తగిలిన చప్పుడు. పడలేదు. అయినా జనం సగం దూరం జారనే జారారు. తలమీది కాంక్రీటు అతుకుల్లోంచి దుమ్ము రాలింది. ఆ తర్వాత వినిపించింది ఆట అరుపు కాదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి ఏడుస్తున్న గోల.

పైకి చేరాడు. ఖాళీ మెట్లు. బోర్డు పక్క సందులో, అందరికీ కనిపించేలా నిలబడ్డాడు. కింద జనం ఒకటే ముద్దగా ఉన్నారు. అక్క ఎక్కడుందో తెలియలేదు. మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను సగాన్ని మాట్లాడుతున్నాను. ఆట ఆపించేశాను."

ఈల మోగింది. మైదానం బొమ్మలా నిలిచిపోయింది. తలలు తిరిగాయి. కొన్నే. జనం ఇంకా కిందనే ఉన్నారు. చాలదు. భద్రత, ప్రమాదం, దయచేసి వెనక్కి జరగండి అంటే ఎవడు వింటాడు? వీళ్ళు ఏం వింటారో అతనికి తెలుసు. పుట్టినప్పటినుంచీ వాళ్ళ నోటి నుంచి విన్నదే.

"మీ జట్టుకి గోలు కొట్టే మొహం లేదు! గెలిచింది మా నాన్న జట్టు! అలాగే రాసి ఇచ్చేస్తున్నాను! నాది ఆ రక్తమే! ఎవడికి మండిందో వాడు పైకి రండి, ఇక్కడే ఉన్నా!"

గ్యాలరీ అంతా ఒకే గొంతుతో మొరిగింది. పై వరుసల వాళ్ళు ముందు కదిలారు. వాళ్ళ వెనక మరొకళ్ళు. మెట్లు దిగే జనం మెట్లెక్కడం మొదలుపెట్టారు. ముందున్నవాడు బెల్టు విప్పి చేతికి చుట్టుకుంటున్నాడు. వాడి మొహం అతనికి తెలుసు. ఒకప్పుడు జాలీలోంచి చెయ్యి చాచిన మొహమే.

పారిపోవడానికి వెనకే మెట్లున్నాయి. పారిపోతే వీళ్ళు ఆగిపోతారు. ఆగితే కింద సడలదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. పంట్లాం తడిసింది. తడిస్తే తడిసింది.

వాళ్ళ తలల మీంచి కంచె వైపు చూశాడు. ముద్దలో ఒక సందు పడింది. సందు పెరిగింది. గేటు రెక్క కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. గోలీ భుజం దూర్చి తోస్తున్నాడు. ఒక మనిషి పచ్చగడ్డి మీదికి పడ్డాడు. ఇంకొకడు. తర్వాత నెరిసిన జుట్టు ఒకటి.

అక్క మోకాళ్ళ మీద కూలబడి దగ్గుతోంది. దగ్గుతూనే తలెత్తి చూసింది. అలవాటుగా కంచె దగ్గరే తమ్ముడి కోసం వెతుకుతోంది.

మొదటి చెయ్యి అతని కాలరు పట్టుకుంది.