కంచె హద్దు కాదన్నది నేనే

నా షెడ్డు పోవడానికి కారణం డెల్మార్ స్కిబా. ఈ మాట బార్లో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, పళ్ళ డాక్టరు నా నోట్లో దూది కుక్కినప్పుడు కూడా చెప్పబోయాను. డెల్మార్‌ది మా పక్కిల్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పక్కిల్లు. అంతకాలం ఒకడి పక్కన బతికాక వాడి మీద కోపానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు, ఉన్నవాటిని వరసలో పెట్టుకుంటే చాలు. ఆదివారం పొద్దున్నే వాయించే అకార్డియన్ ఒకటి. మా గులాబీల మీద కాలెత్తే కుక్క ఒకటి. చక్రాలు ఊడదీసి ఇటుకల మీద నిలబెట్టిన పాత పికప్ ట్రక్కు ఒకటి. అందులో ఉడుతలు కాపురం పెట్టి మనవల్ని కూడా ఎత్తాయి.

షెడ్డు సంగతికి వస్తాను. పేపరు మిల్లు మూసేశాక నాకు మిగిలిన విద్య ఇంజన్లు బాగుచేయడం ఒక్కటే. తొమ్మిదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, ఈ విస్కాన్సిన్ ఊళ్ళో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో కుర్చీ వేసి పిలిచేవాడెవడు? ఎండాకాలం గడ్డి కోసే మిషన్లు, చలికాలం మంచు ఎత్తిపోసే మిషన్లు, మధ్యలో పడవ మోటార్లు. అవి బాగుచేస్తూ బతుకుదామనుకున్నాను. గరాజులో మా ఆవిడ మార్లీస్ కారు ఉంటుంది. దాన్ని మంచులో వదిలి నా పానాలు లోపల పెట్టుకుంటానని ఒకసారి అన్నాను, మళ్ళీ అనలేదు. అందుకని పెరట్లో, డెల్మార్ వైపు కంచె పక్కన, పదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవుతో షెడ్డు కట్టాను. కింద సిమెంటు నేనే పోశాను, పైన రేకులు నేనే కొట్టాను. నా జన్మలో మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే. కంచెకూ గోడకూ మధ్య రెండడుగుల సందు వదిలాను.

పక్కవాడి హద్దుకు ఐదడుగుల లోపల ఏదీ కట్టకూడదని ఊరి నియమం. తెలియక కట్టానని అనను. పర్మిట్టు అడిగితే కుదరదంటారని తెలుసు, అందుకే అడగలేదు.

నాలుగేళ్ళు ఎవరికీ పట్టలేదు. ఐదో ఏడు మే నెలలో టౌన్ హాలు నుంచి ఇనస్పెక్టరు వచ్చాడు. కుర్రాడు, బూట్లు కొత్తవి. వచ్చింది నా కోసం కాదు, డెల్మార్ పికప్ కోసం. నంబరు ప్లేటు లేని బండి పెరట్లో పెట్టకూడదని ఇంకో నియమం ఉంది. ఎవరో పేరు చెప్పకుండా ఫోన్లో ఫిర్యాదు చేశారట. పికప్ సరిగ్గా కనిపించాలంటే మా పెరట్లోకి రావాలి. మా పెరట్లోకొస్తే నా షెడ్డు అడ్డం. ఆ కుర్రాడు రెండడుగుల సందులో పక్కవాటుగా దూరాడు, పికప్‌ను చూసుకున్నాడు, బయటికొచ్చి చొక్కాకు అంటిన బూజు దులుపుకున్నాడు, ఆ తర్వాత తీరిగ్గా జేబులోంచి టేపు తీశాడు.

ఆ ఫోన్ ఎవరు చేశారో ఊళ్ళో ఎవరికీ తెలియదనే అనుకున్నాను. నేనే చేశాను.

డెల్మార్ వారం తిరక్కుండా పికప్‌కు నంబరు ప్లేటు బిగించేశాడు. చక్రాలు కూడా ఉండాలని నియమంలో లేదట.

నాకు మాత్రం రెండే దారులు చూపించారు. ముప్ఫై రోజుల్లో షెడ్డు పీకేయడం, లేదా కమిటీ ముందుకెళ్ళి మినహాయింపు అడగడం. షెడ్డు పోతే నా పని పోతుంది. పని పోతే, పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలో తెలియని మగాడు ఒకడు ఇంట్లో మిగులుతాడు. అందుకని మినహాయింపే అడిగాను. దానికొక ఫారం, రెండువందల యాభై డాలర్ల ఫీజు, ఇంటి ముందు ఊరందరికీ కనపడేలా పాతే పసుపు బోర్డు, చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ ఉత్తరాలు. పెళ్ళికి కూడా నేను అంతమందికి కబురు పెట్టలేదు.

ఫారంలో నాలుగో ప్రశ్న ఇది: మీకొచ్చిన ఇబ్బంది మీరే కోరి తెచ్చుకున్నది కాదని ఎలా చెప్పగలరు? అంత సూటి ప్రశ్న నన్ను బళ్ళో కూడా ఎవరూ అడగలేదు. రెండు రోజులు ఆలోచించి, ‘పక్కింటివాణ్ణి అడగండి’ అని రాశాను. మార్లీస్ అది చదివి, కొత్త ఫారం తెచ్చి, పెరట్లో మిగతా నేలంతా పల్లమనీ, ఇంకెక్కడ కట్టినా వానాకాలం నీళ్ళు నిలుస్తాయనీ తన చేత్తో రాసింది. అది నిజం కూడా. నిజంతో పని జరుగుతుందని నాకు తట్టనే లేదు.

జూన్ రెండో మంగళవారం సాయంత్రం, ఫైర్ స్టేషన్ పైగదిలో విచారణ. కారు దిగే ముందు మార్లీస్ నా కాలరు సర్దింది.

“మూడే మాటలు. గుడీవినింగ్ అను, ప్లీజ్ అను, థాంక్యూ అను. మధ్యలో ఏం తోచినా మింగెయ్.”

కమిటీకి పెద్ద ఇర్మా టెస్కీ. పగలు ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తుంది. మార్లీస్ తల ఇరవై ఏళ్ళుగా ఆమె చేతిలోనే ఉంది కాబట్టి మా ఇంటి గుట్టంతా ఆమెకు తెలుసు. పక్కన ఇంకో నలుగురు, మూలన మినిట్స్ రాసే గుమాస్తా, బల్ల మీద కాఫీ, రూబార్బ్ అనే పుల్లటి ఎర్రకాడలు వేసి ఎవరో చేసుకొచ్చిన కేకు. నేను గుడీవినింగ్ అన్నాను. ప్లీజ్ కూడా అన్నాను. మార్లీస్ రాసింది ఇర్మా చదివి తలాడించింది. పక్కింటివాళ్ళకేమైనా అభ్యంతరముందా అని అడిగింది. వెనక వరసలో డెల్మార్ లేచాడు.

“నాకేం లేదమ్మా ఇర్మా,” అన్నాడు డెల్మార్. “ఉండనివ్వండి. ఆ షెడ్డు తీసేస్తే వీడు రోజంతా ఇంట్లోనే ఉంటాడు. మార్లీస్ ఏం పాపం చేసిందని?”

గదంతా నవ్వారు. గుమాస్తా రాయడం ఆపి నవ్వాడు. అదైనా ఓర్చుకునేవాణ్ణి. పక్కన మార్లీస్ కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అభ్యంతరం లేదు కాబట్టి ఓటు పెడదామంది ఇర్మా. కమిటీలో ఇద్దరు అప్పటికే చెయ్యెత్తబోతున్నారు. వాళ్ళు ఎత్తేదాకా ఊరుకుంటే నాకీ కథ రాసే పని లేకపోయేది. నేను లేచాను.

వీడి దయ నాకక్కర్లేదన్నాను. మినహాయింపూ అక్కర్లేదన్నాను. మా నాన్న డెబ్బై నాలుగులో ఆ కంచె వేస్తుంటే ఐదేళ్ళవాణ్ణి నేనే మేకులు అందించాననీ, గుంజలు పాతే చోట బండ అడ్డొచ్చి కంచెను పక్కకు జరిపారనీ, అసలు హద్దు అవతల డెల్మార్ లిలాక్ పొదల్లో ఉందనీ చెప్పాను. ఆ లెక్కన నా షెడ్డు హద్దుకు ఆరడుగుల దూరంలో ఉన్నట్టే, సర్వే చేయించి చూసుకోండి అన్నాను. అంత పొడుగు ప్రసంగం నేను మిల్లు యూనియన్‌లో కూడా చెయ్యలేదు.

“వెండెల్, కూర్చో నాయనా,” అంది ఇర్మా. “మేం ఇచ్చేస్తున్నాం కదా.”

“అడుక్కుంటే ఇచ్చేది నాకొద్దు.”

“కంచె హద్దు కాదని నువ్వన్నట్టు రాసుకోమంటావా మరి?”

“రాసుకోండి. మా నాన్న గానీ నేను గానీ ఏ రోజూ దాన్ని హద్దనుకోలేదు. పొల్లు పోకుండా రాసుకోండి.”

మార్లీస్ నా కోటు అంచు పట్టుకుని లాగింది. నేను వదిలించుకుని, గుమాస్తా తప్పు రాస్తాడేమోనని నా ఇంటిపేరు ఒక్కో అక్షరం చెప్పి మరీ రాయించాను. విచారణ నెల రోజులు వాయిదా పడింది. మెట్లు దిగుతున్నప్పుడు నేను గెలిచాననే అనుకున్నాను.

సర్వేకు పంతొమ్మిది వందల డాలర్లయింది. కొత్త ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు. వచ్చిన సర్వేయరు ఒక అమ్మాయి. మూడు కాళ్ళ పరికరం వీధిలో నిలబెట్టి, పాత పటాలు చూసి, ఇనుము పసిగట్టే మిషన్ పట్టుకుని నేల మీద తిరిగింది. నేను వెనకాలే తిరిగాను. లిలాక్ పొదల వైపు పొమ్మని మూడుసార్లు చెప్పాను. ఆమె వెళ్ళింది, అక్కడేం లేదంది, కంచె దాటి ఇటొచ్చింది. మార్లీస్ రూబార్బ్ మడిలో మిషన్ కుయ్యిమంది. పలుగుతో తవ్వితే జానెడు లోతులో తుప్పుపట్టిన ఇనుప కడ్డీ. ఊరిని ప్లాట్లుగా కోసినప్పుడు పాతిన హద్దు కడ్డీ అది. వీధి చివర ఇంకోటి దొరికింది. రెండిటి మధ్యా ఆ అమ్మాయి నారింజ రంగు తాడు లాగింది.

తాడు కంచెకు ఇవతల నాలుగడుగుల మూడంగుళాల దూరంలో, నా షెడ్డు లోపలి నుంచి పోయింది. లోపలి నుంచి పోవడానికి దారి లేదు కాబట్టి గోడకు ఈ పక్కనా ఆ పక్కనా రెండు గుర్తులు పెట్టి ఊరుకుంది. షెడ్డులో రెండడుగుల మూడంగుళాల మేర డెల్మార్ స్థలంలో ఉంది. నేను కాఫీ కప్పు పెట్టుకునే చోటు కూడా వాడి స్థలంలోనే ఉందని తర్వాత కొలిచి తెలుసుకున్నాను.

బండ అడ్డొచ్చి మా నాన్న కంచె జరిపిన మాట నిజమే. ఎటు జరిపాడో నేను ఎప్పుడూ అడగలేదు. మా వంశంలో ఎవడూ తనకు నష్టం వచ్చేటట్టు తప్పు కొలవడు. ఆ సంగతి నాకు కాకపోతే ఎవరికి తెలియాలి?

ఇంకా ఆశ చావక ఊళ్ళో వకీలు దగ్గరికి పోయాను. యాభై ఏళ్ళుగా అందరూ కంచెనే హద్దనుకుని బతికితే, కడ్డీ ఎక్కడున్నా ఆ స్థలం మీదే అని వాదించడానికి గట్టి దారి ఉందన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడాయన ఫైలు తెరిచి, ఆ మంగళవారం నాటి మినిట్స్ నా ముందు పెట్టాడు. “మీరూ మీ నాన్నగారూ దాన్ని ఏ రోజూ హద్దనుకోలేదని మీరే చెప్పారు కదండీ,” అన్నాడు. పొల్లు పోలేదు. ఇంటిపేరు కూడా సరిగ్గానే రాశారు.

వేరేవాడి స్థలంలో ఉన్న షెడ్డుకు మినహాయింపు ఇచ్చే అధికారం కమిటీకి లేదట. జులైలో ఆ ముక్క చెప్పడానికి ఇర్మాకు రెండు నిమిషాలు పట్టింది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ శనివారం డెల్మార్ రెండు బీరు సీసాలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. నేను షెడ్డు గుమ్మంలో ఒకడి పడవ మోటారు విప్పుతున్నాను. వాడు తాడు దాటకుండా అవతలే నిలబడి, ఇప్పుడు అది తన స్థలమే కదా, నాకో సీసా అందించాడు.

“ఆ ముక్క నీకు రాసిచ్చేస్తాను,” అన్నాడు. “ఒక్క డాలరివ్వు. కాగితం మీద ఏదో ఒక ధర ఉండాలి కాబట్టి. ఇద్దరం కలిసి ఇర్మా దగ్గరికి పోదాం, హద్దు జరుపుకుంటామని అడుగుదాం. షెడ్డుకు మినహాయింపు కూడా అప్పుడే ఇచ్చేస్తుంది.”

“నువ్వెందుకిస్తావు?”

“నా మంచు మిషన్ ఎవరు బాగుచేస్తార్రా?”

నేను మోటారు మీంచి తల ఎత్తలేదు. ఒప్పుకుందామనే అనుకున్నాను. అది మాత్రం నిజం. అప్పుడు వాడు సీసా మూత తీస్తూ, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు, ఇంకో మాట అన్నాడు.

“ఆ ఫోన్ నువ్వే చేశావని నాకు మొదటి రోజే తెలుసులే. ఆ ఇనస్పెక్టరు నా మేనల్లుడు.”

అంటే జూన్‌లో ఫైర్ స్టేషన్ పైగదిలో లేచి నిలబడి ఉండనివ్వండి అన్నప్పుడు వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను పేర్చుకున్న కారణాల వరస, అకార్డియన్, కుక్క, పికప్, ఒక్క మాటతో పక్కకు ఒరిగిపోయింది. దానికింద నలిగింది నేను. డాలరు నా జేబులోనే ఉంది. అది తీసి వాడి చేతిలో పెడితే చాలు. ఆ తర్వాత చచ్చేదాకా వాడి మొహం చూడాలి.

“నాన్న వేసిన కంచె లోపలి స్థలం నేను కొనుక్కోవాలా?” అన్నాను. “నువ్వే ఉంచుకో.”

డెల్మార్ సీసా మూత జేబులో వేసుకున్నాడు. “నువ్వు భలేవాడివిరా వెండెల్,” అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు. తాగని తన సీసా తాడు పక్కన నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

షెడ్డు కట్టడానికి రెండు నెలలు పట్టింది, పీకడానికి మూడు రోజులు. సిమెంటు మాత్రం మొండికేసింది. నేను ఏ పనైనా అంత గట్టిగా చేస్తానని నాకే తెలియదు. సమ్మెట దెబ్బకు పెచ్చు లేచి నా ముంజేతికే తగిలింది. ఇప్పుడు ఇంటి కింద నేలమాళిగలో పని చేస్తున్నాను. జనవరిలో కూడా పెట్రోలు కంపు భరించలేక మార్లీస్ కిటికీలు తీసిపెడుతుంది, చలికాలమంతా కోటు వేసుకునే అన్నం తింటున్నాం. పాత ఫ్రిజ్ రాత్రంతా మూలుగుతుంది. పడవ మోటార్లు ఆ మెట్లు దిగవు కాబట్టి అవి తీసుకోవడం మానేశాను.

డెల్మార్ కంచె జరపలేదు. జరిపితే నాకు తిట్టుకోవడానికి ఏదైనా ఉండేది. వేసవిలో రెండు వారాలకోసారి మిషన్ తోసుకుంటూ వీధి చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చి, తాడు వరకూ గడ్డి కోసి, ఒక్క అంగుళం కూడా నా వైపుకు రాకుండా వెనక్కి పోతాడు. మిషన్ నేను బాగుచేసిందే, చప్పుడు లేకుండా నడుస్తుంది. నేను నేలమాళిగ కిటికీలోంచి వాడి బూట్లు చూస్తూ ఉంటాను. వాడు కోసే ఆ ముక్క వెడల్పు నాలుగడుగుల మూడంగుళాలు, పొడవు నూట ముప్ఫై రెండడుగులు, మొత్తం ఐదువందల అరవై ఒక్క చదరపు అడుగులు.