నేల రుచి మరిగిన డ్రాయరు

నేల సారం పెరగాలని దున్నకుండా విత్తడం మొదలెట్టిన దగ్గర్నుంచి మా దొబ్రోజా ప్రాంతపు రైతులకి ఏటా ఇదో పని. ఏప్రిల్‌లో చేలో జానెడు లోతున తెల్ల నూలు డ్రాయరు పాతడం, రెండు నెలలకి తవ్వి చూడడం. మట్టిలో సూక్ష్మజీవులు దండిగా ఉంటే నూలంతా తినేసి ఎలాస్టిక్ పట్టీ ఒక్కటే వదులుతాయి. లేకపోతే డ్రాయరు ఉతికి తొడుక్కునేలా బయటికొస్తుంది. పరస్కీవా చేలో నాలుగేళ్లుగా అలాగే వస్తోంది. మేమంతా నవ్వాం, కాదనను.

"ఈసారీ తినకపోతే పొలం కంపెనీకి కౌలుకిచ్చేసి ఇటలీ పోతా," అన్నాడు ఆమె మొగుడు తుదొరెల్. "వస్తే రా, లేకపోతే ఈ మట్టితోనే కాపురం చేసుకో."

"తింటే?"

"తింటే చచ్చేదాకా ఇక్కడే పడుంటాలే."

పాతేది కొత్తదై ఉండాలి. ఒంటిమీద వేసుకున్నది పాతితే నేల మనిషి రుచి మరుగుతుందని మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. పరస్కీవాకి తెలియక కాదు. చెమట ఉప్పుకి తొందరగా తింటుందని ఆశపడి, ఉతకాల్సిన బట్టల్లోంచి మొగుడిది ఒకటి తీసుకెళ్లి పాతేసింది.

జూన్‌లో ఇద్దరూ తవ్వారు. పట్టీ తప్ప ఒక్క పోగు లేదు. మట్టి నల్లగా, గోరువెచ్చగా ఉండి, అచ్చం తుదొరెల్ మెడ దగ్గరి వాసనేస్తోంది. ఆమెకి సంతోషమూ వేసింది, ఒళ్లూ జలదరించింది.

తుదొరెల్ మాట తప్పాడు. మర్నాడే సంచి సర్దుకుని, బస్సు కోసం చేలోంచి అడ్డంపడి బయల్దేరాడు. సగం దూరంలో కాళ్లు ఆగిపోయాయి. పరస్కీవా పరిగెత్తి వచ్చేసరికి చీలమండల దాకా మట్టి. ఆమె పారతో తీసిన కొద్దీ మట్టి మెల్లగా పైకొచ్చి సర్దుకుంటోంది.

పక్క చేను సాఫ్తా వచ్చి చూసింది. "వాడినది పాతావా వదినా?" అని అడిగి, ఇంటికెళ్లి ఒక పీట తెచ్చి అతని వెనక వేసింది. "కూర్చో అన్నయ్యా. మా మామ కూడా మొదటి వారం నిలబడే ఉన్నాడు."

సాఫ్తా వెళ్లాక తుదొరెల్ పీట మీద కూర్చున్నాడు.

"ఎందుకే అలా చేశావు?"

"నువ్వు వెళ్లిపోతావని భయమేసిందయ్యా."

అతను తన కాళ్లకేసి చూసుకున్నాడు. "కింద ఏదో మెత్తగా నములుతోందే. నొప్పి లేదు. సాయంత్రానికి నువ్వు ఇంటికెళ్లిపోతావు. ఒక్కణ్ణీ ఇక్కడ ఉండలేను."

పరస్కీవా తలకి కట్టుకున్న రుమాలు విప్పింది. పొద్దుట్నుంచీ కట్టుకున్నదే, చెమటకి తడిసి ఉంది. అతని పక్కనే జానెడు గొయ్యి తీసి అందులో పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో అదిమింది.