పందుల దొడ్డి గోడ పక్కన ఆరుగురు సిపాయిలు

మా నెవిల్‌కి నోరు ముందు, బుర్ర తర్వాత. పదకొండేళ్ళుగా వాడితో కలిసి లింకన్‌షైర్ చేలల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరుగుతున్నాను, నా ఖర్మ.

ఆ శనివారం ఎనిడ్ గారి చేలో, పాత పందుల దొడ్డి గోడ పక్కన డిటెక్టర్ కూసింది. తవ్వితే తుప్పుతో పొరలూడిన బిస్కెట్ డబ్బా, అందులో వేలెడంత సీసం సిపాయి బొమ్మలు, ఆరుగురు. ఏం దొరికినా ముందు చేను గలవాళ్ళకి చూపించాలన్నది మా రివాజు. బురదతోనే తీసుకెళ్ళి ఆవిడ వంటింటి బల్ల మీద పెట్టాం.

ఎనభై ఏళ్ళ మనిషి, చూడగానే కుర్చీలో కూలబడింది.

"రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా సిరిల్ అన్నయ్య బొమ్మ సిపాయిలు పోయాయి. సైన్యం కోసం ఇంటింటా తుక్కు లోహం పోగుచేసే బండిలో పడేసింది నేనేనని అమ్మతో చెప్పాడు. నాకప్పుడు అయిదేళ్ళు. మా అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగింది. పడేశానో లేదో నాకే గుర్తులేదు బాబూ. వాడు మాత్రం ఇప్పటికీ అందరి ముందూ దెప్పుతూనే ఉంటాడు. ఇవి వాడివేనంటావా?"

"అబ్బే, కాదండీ," అనేశాడు నెవిల్. "ఈ ఇనప టోపీ చూశారా? మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. అప్పటికి మీ అన్నయ్య పుట్టనేలేదు."

ఆవిడ మొహం వాడిపోయింది. "అయితే నేనే పడేశానన్నమాట," అంది. నాకు నెవిల్ పీక నొక్కాలనిపించింది.

"రెండు యుద్ధాల్లోనూ టోపీ అదేరా, తొందరపాటు వెధవా," అన్నాను. ఈలోగా వాడు టూత్‌బ్రష్‌తో గీకబోతుంటే లాక్కున్నాను. ఉన్న కాస్త రంగూ పోతే ఇంకేం తేలుస్తాం?

తడిగుడ్డతో ఒకణ్ణి మెల్లగా అద్దాను. విరిగిన మెడలోంచి చూస్తే లోపల డొల్ల. పూర్వం నిండు సీసం పోసేవాళ్ళు కాబట్టి మరీ పాతకాలం బొమ్మ కాదని అర్థమైంది గానీ, అసలు సంగతి కాళ్ళ దగ్గరుంది. మొదటి యుద్ధం సిపాయి మోకాలి దాకా గుడ్డపట్టీ చుట్టుకుంటాడు, కోటు తొడల దాకా దిగుతుంది. వీడికి చీలమండ దగ్గర చిన్న పట్టీ, నడుం దాకా పొట్టి చొక్కా. మన బ్రిటిష్ సైన్యానికి ఆ వేషం రెండో యుద్ధానికి కాస్త ముందే వచ్చింది.

"ఎనిడ్ గారూ, ఇవి మీ చిన్నతనం నాటివే," అన్నాను.

ఆవిడ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టింది.

"సిరిల్, పందుల దొడ్డి గోడ పక్కన, డబ్బాలో ఆరుగురు సిపాయిలు దొరికారు."



"ఏడుగురుండాలే," అన్నాడాయన.

తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. అమ్మ తుక్కు బండికి ఇచ్చేస్తుందని భయపడి పాతిపెట్టాడట. ఏవిరా అని నిలదీస్తే నోటికి చెల్లెలి పేరొచ్చిందట. ఆ తర్వాత నిజం చెప్పడానికి మొహం చెల్లలేదట.

ఎనిడ్ గారు ఫోన్ పెట్టేసి, మా ముందే ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

"నేను పడెయ్యలేదు నెవిల్," అంది.

"లేదండీ," అన్నాడు వాడు తల దించుకుని. "మీరు పడెయ్యలేదు."