ఓస్మో రాసిన అయిదు

"వారానికి ఎన్నిసార్లు ఆయాసం వచ్చి, చెమట పట్టేదాకా వ్యాయామం చేస్తారు?"

ఏటా నింపే ఆరోగ్య ఫారంలో ఈ ప్రశ్నకు ఓస్మో ఇరవయ్యేళ్లుగా అయిదు అనే రాస్తున్నాడు. అబద్ధాలాడే మనిషి కాదు పాపం, లెక్క మాత్రం సొంత లెక్క. బుధవారం, శనివారం సౌనా, అంటే వేడి గదిలో కూర్చుని చేసే ఆవిరి స్నానం. ఇంకో మూడు రోజులు వాకిట్లో మంచు ఎత్తిపోయడం. ఆయాసమూ వస్తుంది, చెమటా పడుతుంది. ఇంకేం కావాలి?

ఈ మే నెలలో మాత్రం ఓస్మో పనిచేసే ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి ఫారంతో సరిపెట్టలేదు. బూట్లు, కోటు, వీపున గాలి సిలిండరు తగిలించి ఒక్కొక్కరినీ ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఎనిమిదిన్నర నిమిషాలు ఎత్తు ఎక్కుతున్నట్టు నడవాలి. తప్పితే ఇక మండే ఇంట్లోకి, పొగలోకి పంపరు. యాభై మూడేళ్ల ఓస్మోకు ఊళ్లో ఉన్న గౌరవమంతా ఆ పొగలోకి వెళ్లడం వల్లే.

అయిదో నిమిషంలో కాళ్లు మొరాయించాయి.

నర్సు సిర్కా ఫారం చూసింది, మెషీన్ చూసింది.

"వారానికి అయిదుసార్లు చేసే మనిషికి ఇంత తక్కువా? ఇది గుండె సంగతే ఓస్మో. కదలకు. ఆసుపత్రికి ఫోన్ చేస్తాను."

ఓస్మోకు పై ప్రాణాలు పైనే పోయాయి. నిజంగానే ఎడమ పక్క ఏదో లాగుతున్నట్టు కూడా అనిపించింది. చావు భయం ఒకవైపు, పరువు భయం ఒకవైపు. ఆమె నంబర్ నొక్కుతుంటే ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆగు తల్లీ! ఆ అయిదులో రెండు సౌనాలు."

"సౌనాలా? మరి మిగతా మూడు?"

"మంచు ఎత్తడం."

"మంచు కరిగి నెల దాటింది కదయ్యా!"

సిర్కా ఫోన్ పెట్టేసి పగలబడి నవ్వింది. అయినా ఎందుకైనా మంచిదని ఈసీజీ తీసి చూసింది. గుండెకు ఢోకా లేదు, పొగలోకి మాత్రం ఇక వెళ్లేది లేదని చెప్పి, అయిదు కొట్టేసి సున్నా చుట్టింది. బతికిపోయానురా దేవుడా అనుకుని ఓస్మో కూడా నవ్వేశాడు.

బయట బెంచీ మీద తైనా కూర్చుని ఉంది. పొగలోకి ఎప్పుడూ ఇద్దరిద్దరే వెళ్తారు. రెండేళ్లుగా అతని జంట ఈ పాతికేళ్ల పిల్లే.

"ఏం బాబాయ్, పాసా? లోపల ఒకటే నవ్వులు!"

"ఫెయిలమ్మా. అయిదో నిమిషానికే చేతులెత్తేశాను."

తైనా నవ్వు ఆగిపోయింది.

"మార్చిలో మనిద్దరం వెళ్లిన ఆ మండే ఇంట్లో, రెండో అంతస్తులో నేను పడిపోయి ఉంటే, నన్ను కిందికి మోసుకొచ్చేవాడివేనా?"

ఓస్మో 'ఆఁ, ఎందుకు మోయనూ' అనబోయాడు. ఆమె కళ్లలోకి చూసి ఆ మాట మింగేశాడు.

"మోయలేకపోయేవాణ్ణి తల్లీ," అన్నాడు.