లొక్ఖీ అనే ఫైలు

“ఇయ్యాల్టితో మానెత్తానని సెప్పీసి రా” అన్నాడు ఢిల్లీశ్వరరావు, చేపముక్కలో ముల్లు తీసుకుంటూ. “అమ్మకి మోకాళ్ళు నొప్పులు. నువ్వెళ్ళి కంప్యూటరు ముందు కూకుంటే ఇంటి పనెవులు సేత్తారు?” ముక్కలు అతనికి, అత్తకి సరిపోయాయి. అప్పలలక్ష్మి పులుసుతో తిని, అంట్లు తోమి బయల్దేరింది.

వాట్‌గంజ్ నుంచి ఏక్‌బాల్‌పూర్‌కి నడక. అక్కడ ఒక గదిలో ఆడవాళ్ళకి ఉచితంగా కంప్యూటరు నేర్పుతారు. నిరుడు చలికాలంలో ఆమెకి ఆరో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే పొయ్యి ముందు నిలబడింది, ఇంకెవరూ వెలిగించరు కనుక. పక్కింటి బెంగాలీ ఆవిడ చూసి ‘లొక్ఖీ బౌ’ అంది. బౌ అంటే కోడలు. ఈ బెంగాలీ ఊళ్ళో లక్ష్మిని లొక్ఖీ అంటారు. నోరెత్తని ఆడదాన్నీ లొక్ఖీ అనే మెచ్చుకుంటారు. అత్త ఆ మాట పట్టుకుని వీధంతా తిరిగింది. “మా లొక్ఖీకి ఏడుపు నేదు, గోల నేదు.” కుళాయి విప్పి ఆ చప్పుడులో ఏడిస్తే ఎవరికి వినపడుతుంది? ఆడపిల్లని నర్సు చెప్పింది. ధాత్రి అని పిలుచుకుందామని మొగుడితో ఒకసారి అంది. “పుట్టని దానికి పేరేటి?” అన్నాడు. మళ్ళీ ఆ పేరు పైకి అనలేదు.

పాఠం చెప్పే మిఠూ బెంగాలీ పిల్ల. మానేస్తానంటే ఆమె ముఖం చిన్నబోయింది. “నిన్న రాసింది ఒక్కసారి నడిపించి వెళ్ళు, లొక్ఖీ దీ.” దీ అంటే అక్క.

నిన్న రాసింది ఒకే వరుస. తనకి నచ్చిన ఒక మాటను తెర మీద చూపించమని కంప్యూటరుకి చెప్పే వరుస. అప్పలలక్ష్మి నల్ల తెర తెరిచింది.

“పైథాన్ అని కొట్టు. చోటు వదులు. ఫైలుకి నీ పేరే పెట్టావుగా. లొక్ఖీ, చుక్క, పీ, వై.”

విన్నది విన్నట్టు కొట్టింది. ఇంగ్లీషులో ఏదో వచ్చింది. కూడబలుక్కుని చదివింది. లొక్ఖీ అనే ఫైలు లేదట.

మిఠూ నవ్వింది. “నా నోట్లో పలికినట్టే రాశావా? నువ్వు లక్ష్మి అని దాచావు. లొక్ఖీ ఎక్కడుంది ఇందులో?”

అప్పలలక్ష్మి నవ్వలేదు. ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో తన బదులు తిరిగిన మనిషి లేదట. తన పేరు ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టింది.

ధాత్రి, అని వచ్చింది తెర మీద.

“ఎవరు?” అంది మిఠూ.

“నా కూతురు.”

“ఏం చదువుతోంది?”

“లేదు.”

మిఠూ తన కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అప్పలలక్ష్మే అంది, “రేపేం నేర్పుతావు?”

అప్పుడే ఫోను మోగింది.

“సెప్పీసినావా?” అన్నాడు ఢిల్లీశ్వరరావు. “అక్కడేటి సేత్తన్నావింకా?”

“పిల్ల పేరు రాసినాను. నేను మానను. అన్నం నువ్వే ఒండుకో.”

ఏ పిల్ల అని అడుగుతాడని ఆమె ఎదురు చూసింది.

“నీళ్ళెన్ని పొయ్యాలి?” అన్నాడు.

ఆమె చెప్పకుండానే ఫోను పెట్టేసింది.