లేడని చెప్పడానికైనా

దామోదరసామి పత్రిక ఆపేసి ఏడాది దాటింది. తమిళనాడు కోవిల్‌పట్టిలో బడిపంతులుగా పనిచేస్తూ, ఇంట్లో మాట తెలుగే అయినా, దేవుడు లేడని తమిళంలో జీవితమంతా రాసిన మనిషి. రాసి రాసి విసుగొచ్చింది. చదివేవాళ్లలో సగంమంది పోయారు. మిగిలినవాళ్లు ముందే ఒప్పుకున్నవాళ్లు.

"ఒప్పుకున్నోళ్లకే మళ్లీ చెప్పేదానికి నేనేమిటికి?" అన్నాడు భార్య రుక్మణితో. ఆమె కొబ్బరికాయ తీసుకుని పెరుమాళ్ కోయిలుకు బయల్దేరింది.

అమ్మవారి జాతర్లు జరిగే ఆ ఆడిమాసంలోనే మునీశ్వరి వచ్చింది. విరుదునగర్‌లో నర్సు. ఆయన పుట్టిన ఊరి దళితుల కాలనీ పిల్ల. ఆ ఊరి అమ్మవారి గుడికి ఆయన తమ్ముడు అయ్యాసామి ధర్మకర్త. కాలనీవాళ్లు గడప తొక్కకూడదన్నది అక్కడి కట్టుబాటు.

"శుక్రవారం మేము లోపలికి పోతున్నాం. మీరూ రావాలయ్యా," అంది తమిళంలో.

"గుళ్లే వద్దని కదమ్మా నేను రాసింది. లోపల ఏమీ లేదు. దానికోసం దెబ్బలు తింటారా?"

"మీరు లోపల చూసొచ్చి లేదన్నారు. మేమూ చూసొచ్చి చెబుతాం."

ఊరికి బస్సు ఎన్నింటికని అడిగాడాయన.

శుక్రవారం గుడి వాకిట్లో అయ్యాసామి బంధువులతో అడ్డంగా నిలబడ్డాడు. పోలీసులు దూరంగా వేపచెట్టు నీడన ఉన్నారు.

"అమ్మ సచ్చేటప్పుడు ఒక్కమాటు కోయిలుకు రారా అని ఏడ్చె. అప్పుడు రాలే. ఈపొద్దు వీళ్లని పిల్చుకోని వస్తివా అన్నా?"

"వాళ్లే నన్ను పిల్చుకోని వచ్చిరి. జరుగురా."

"జరగను."

"అట్లయితే నన్ను తోసి పారెయ్."

అయ్యాసామి చెయ్యి అన్న రొమ్ము మీదికి వచ్చి అక్కడే ఆగిపోయింది. తోయలేకపోయాడు. ఆ సందులోంచి మునీశ్వరి గడప దాటింది. వెనకే వాళ్లమ్మ, ఆ తర్వాత మిగతా కాలనీవాళ్లు. దామోదరసామి అందరికంటే చివర వెళ్లాడు.

మునీశ్వరి తల్లి విగ్రహం ముందు కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఇంకో భక్తురాలు తయారైంది, అనుకున్నాడాయన. అయినా ఆ ఏడుపును తప్పని అనడానికి నోరు రాలేదు.

బయటికొచ్చాక అడిగాడు, "ఏం చూశావమ్మా?"

"నూనె వాసన. పొగ. గోడ మీద ఒక బల్లి." కాస్త ఆగి అంది, "మా అమ్మకి మాత్రం అమ్మవారు కనిపించిందట."

మర్నాడు పొద్దుటికి ఊరి పెద్దలు గుడికి తాళం వేశారు. కాలనీవాళ్లు తాకింది మాకూ వద్దు, వాళ్లకూ వద్దన్నారు. విరుదునగర్‌లో అధికారులు శాంతి చర్చలు పెట్టారు. కాలనీవాళ్లతో దామోదరసామీ వెళ్లాడు. అయ్యాసామి ఎదుటి వరసలో కూర్చుని అన్న వైపు చూడనైనా లేదు. మాట కుదరలేదు. వాయిదా వేశారు.

పాత స్నేహితుడు, ఒకప్పుడు పత్రిక అచ్చువేసిన పేచ్చిముత్తు ఫోన్ చేశాడు. "ఒక కోయిలు మూతపడింది. నువ్వు అడిగింది ఇదే కదా. సంతోషపడు."

"ఇట్లా మూయమని నేను రాయలేదు," అని ఫోన్ పెట్టేశాడు.

వాయిదా రోజున మోకాళ్లు పట్టుకుని లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది రుక్మణి.

"కోయిలు తాళం తీయించేదానికి."

ఆమె నవ్వలేదు. వంటింట్లోంచి సీసా నింపి తెచ్చింది.

"నీళ్లు తీసుకోని పోండి. అక్కడ ఎంతసేపు కూర్చోబెడ్తారో."